మీ పట్టికలో ఒక వరుస అంటే ఏమిటి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో రెండు పెద్దవి. ఒకటి చేపల మీద పనిచేసే అమ్మాయిది, ఇంకొకటి ఎక్స్‌రేల మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ మనిషిది. ఇద్దరికీ ముఖపరిచయం కూడా ఉండి ఉండదు, చేసిన తప్పు మాత్రం ఒక్కటే. అందుకని చోటంతా దాదాపు వాళ్లకే ఇచ్చేశాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, నేను జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నీళ్లు వేడెక్కితే చేపపిల్లల ఎదుగుదల ఎలా మారుతుందన్నది నా అంశం. ఒక తొట్టిలో మామూలు నీళ్లు, ఇంకో తొట్టిలో 3 డిగ్రీలు ఎక్కువ. ఒక్కో తొట్టిలో 30 చేపలు. టీ-టెస్ట్ (రెండు గుంపుల సగటుల్ని పోల్చే పరీక్ష) చేస్తే పి-వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా ఊరికే కనిపించే అవకాశం) 0.002 వచ్చింది. రివ్యూయర్ మాత్రం "మీ శాంపిల్ సైజు 60 కాదు, 2" అని రాశారు. 60 చేపల్నీ నేనే ఒక్కొక్కటిగా తూచాను. ఇది అన్యాయం కాదా?

జవాబు: అంత కష్టపడ్డాక అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ అమ్మా, రివ్యూయర్ చెప్పింది నిజం.

నేను ఒక పరిశోధనా సంస్థలో 26 ఏళ్లు స్టాటిస్టిక్స్ సలహాలు చెప్పే బల్ల దగ్గర కూర్చున్నాను. ఏ విభాగం నుంచి ఎవరొచ్చినా, ల్యాప్‌టాప్ తెరవకముందే నేను అడిగే ప్రశ్న ఒకటుండేది: మీ పట్టికలో ఒక వరుస అంటే ఏమిటి? మీరైతే "ఒక చేప" అంటారు. సరే, మరి మీరు వేడి చేసింది దేన్ని? చేపని కాదు, తొట్టిని. ఆ 30 చేపలూ ఒకే నీళ్లలో ఈదాయి, ఒకే పంపు గాలితో బతికాయి, ఒకే కిటికీ వెలుగు చూశాయి. ఒకదానికి జబ్బు చేస్తే పక్కదానికీ అంటుకుంటుంది. కాబట్టి అవి 30 వేరువేరు సాక్ష్యాలు కావు. ఒకే ఇంట్లో 30 మందిని అడిగి 30 ఇళ్లు తిరిగానని చెప్పుకోవడం లాంటిది ఇది.

దీనికి స్యూడోరెప్లికేషన్ అని పేరు పెట్టినవాడు స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే జీవావరణ శాస్త్రజ్ఞుడు. 1984లో ఆయన 176 ప్రయోగాల పేపర్లను తిరగేసి చూస్తే, స్టాటిస్టికల్ పరీక్షలు వాడిన వాటిలో 48 శాతం ఈ పొరపాటే చేశాయి. అంటే మీకు తోడు చాలామందే ఉన్నారు. నేనూ ఉన్నాను.

ఆ కథ కూడా చెప్తాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. మొక్కల మీద పనిచేసే ఒక సీనియర్ సైంటిస్ట్ వచ్చారు. రెండు గ్రోత్ ఛాంబర్లు, అంటే బీరువా అంతేసి పెట్టెలు, లోపల లైట్లూ ఫ్యాన్లూ. ఒకదాంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఒకదాంట్లో మామూలు గాలి. చెరో 40 మొక్కలు. ఎత్తుల పట్టిక ఇచ్చారు, నేను ఉత్సాహంగా టీ-టెస్ట్ చేసి పి-వాల్యూ చేతికిచ్చాను. సున్నాలు చూసి ఇద్దరం మురిసిపోయాం. ఆర్నెల్ల తర్వాత ఆయన దగ్గరి కుర్రాడు ఏదో పని మీద గ్యాస్ పైపును ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి మార్చి, మళ్లీ మొక్కలు పెంచాడు. గాలి మారింది, మొక్కలు మారాయి, ఎత్తు మాత్రం పాత పెట్టెలోనే ఉండిపోయింది! తెరిచి చూస్తే రెండో పెట్టెలో ట్యూబులు పాతబడి వెలుగు తగ్గింది. మేం కొలిచింది ట్యూబ్‌లైట్ల వయసు. పేపర్ అచ్చుకు వెళ్లకముందే వెనక్కి తీసుకున్నారు. నన్ను ఆయన తిట్టలేదు. "నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నారు, అంతే. బల్ల దగ్గర ఆ ప్రశ్న అడగడం నేను మొదలుపెట్టింది ఆ మర్నాటి నుంచే.

ఇప్పుడు మీరేం చెయ్యాలి? తొట్టి ప్రభావాన్ని విడిగా లెక్కేసే మిక్స్‌డ్ మోడల్ వాడితే సరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. వేడికి ఒకే తొట్టి, మామూలుకి ఒకే తొట్టి ఉన్నప్పుడు తొట్టి ప్రభావం ఏదో వేడి ప్రభావం ఏదో ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. ఇంకా తొట్లు కావాలి. ఎన్ని? ఆరు తొట్లు ఉన్నాయనుకోండి, వేడి చెయ్యడానికి మూడింటిని చీటీలు తీసి ఎంచుకోవాలి. ఆరింట్లో మూడింటిని 20 రకాలుగా ఎంచుకోవచ్చు. మీ ఫలితం ఎంత స్పష్టంగా వచ్చినా, రెండు దిక్కులూ లెక్కేస్తే అలాంటి ఫలితం ఊరికే వచ్చే అవకాశం 20లో 2, అంటే 0.1 కన్నా కిందికి దిగదు. అదే ఎనిమిది తొట్లు, చెరో నాలుగు అయితే 70 రకాలు. 70లో 2 అంటే దాదాపు 0.03. టీ-టెస్ట్ ఇంకా చిన్న సంఖ్య ఇవ్వొచ్చు గానీ, అది తొట్ల సగటులు నార్మల్‌గా, అంటే గంట ఆకారంలో, పరుచుకుంటాయన్న నమ్మకం మీద ఇచ్చేది. రెండే రెండు అదనపు తొట్లు ఎంత పని చేస్తాయో చూడండి. తొట్టికి 30 చేపలు అక్కర్లేదు, పది చాలు. మిగిలిన ఓపికంతా తొట్ల మీద పెట్టండి. తొట్లు దొరకవంటే, ఉన్న రెండింటినే అటూ ఇటూ మారుస్తూ ప్రయోగాన్ని కొత్త చేపలతో ఆరేడు విడతలు చెయ్యండి. అప్పుడు మీ ఒక వరుస అంటే ఒక విడత.

తూచిన 60 చేపలూ వృథా కాలేదు. ఒకే తొట్టిలో చేపకీ చేపకీ ఎంత తేడా ఉంటుందో వాటి వల్లే తెలిసింది. పి-వాల్యూ తీసేసి, ప్రాథమిక పరిశీలన అని రాసుకోండి.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఒక వైద్య బృందంతో కలిసి ఛాతీ ఎక్స్‌రేలో న్యుమోనియాను గుర్తుపట్టే డీప్ లెర్నింగ్ మోడల్ తయారుచేశాం. మా టెస్ట్ సెట్ మీద 96 శాతం వచ్చింది. వేరే ఆసుపత్రి ఎక్స్‌రేలు ఇస్తే 70కి పడిపోయింది. లేయర్లు పెంచాలా, డేటా పెంచాలా? టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: రెండూ వద్దు. ముందు పైనున్న చేపల ఉత్తరం చదివి రండి.

చదివారా? మీ ఒక వరుస ఒక ఎక్స్‌రే. కానీ మనుషులు ఎంతమంది? అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వాళ్లు 2017లో అందరికీ అందుబాటులో పెట్టిన ఛాతీ ఎక్స్‌రేల పెద్ద సంకలనమే తీసుకోండి. చిత్రాలు 1,12,120, మనుషులు 30,805. సగటున ఒక్కొక్కరివి మూడున్నరకు పైనే. వాటిని పేకముక్కల్లా కలిపి 80 శాతం ట్రైనింగ్‌కి, 20 శాతం టెస్ట్‌కి వేస్తే, ఒకే మనిషి ఎక్స్‌రేలు రెండు వైపులా పడతాయి. వంకరగా అతికిన పక్కటెముక, గుండె దగ్గరి పేస్‌మేకర్ చూసి మోడల్ ఆ మనిషిని గుర్తుపడుతుంది. అతనికి న్యుమోనియా అని అంతకుముందే చదివేసింది కాబట్టి జవాబు రాసేస్తుంది. పరీక్షకు ముందు రోజు ప్రశ్నపత్రం చూసిన పిల్లాడికి 96 రావడంలో వింతేముంది? దీన్ని మీవాళ్లు లీకేజ్ అంటారు. మా పాత బల్ల దగ్గర దీని పేరు స్యూడోరెప్లికేషన్. చేపలకి తొట్టి ఎలాగో, ఎక్స్‌రేలకి మనిషి అలాగ.

మనిషి పైన ఇంకో తొట్టి ఉంది, ఆసుపత్రి. 2018లో అమెరికాలో కొందరు పరిశోధకులు అచ్చం మీలాంటి న్యుమోనియా మోడల్‌నే పరీక్షించారు. ఎక్స్‌రే చూసి అది ఏ ఆసుపత్రుల వ్యవస్థ నుంచి వచ్చిందో చెప్పమంటే నెట్‌వర్క్ దాదాపు తప్పు లేకుండా చెప్పేసింది. ఎక్స్‌రే తీసేటప్పుడు టెక్నీషియన్ మూలన పెట్టే లోహపు గుర్తు కూడా దానికి ఆధారమే. ఒక ఆసుపత్రిలో న్యుమోనియా కేసులు మిగతా చోట్లకన్నా చాలా ఎక్కువ కాబట్టి, ఆసుపత్రి తెలిస్తే సగం జవాబు తెలిసినట్టే. ఊపిరితిత్తుల వంక చూడనే అక్కర్లేదు.

లీకేజ్‌కి మూడో దారి కూడా ఉంది, అందరూ జారేది అక్కడే. ఇంట్లో చేసి చూడండి. 50 వరుసలు, 5,000 నిలువు గడులు, అన్నిట్లో ర్యాండమ్ సంఖ్యలు నింపండి. 25 వరుసలకి "జబ్బు ఉంది", 25కి "లేదు" అని రాయండి. ఇందులో నేర్చుకోవడానికి ఏమీ లేదు, బొమ్మాబొరుసే. ఇప్పుడు మొత్తం 50 వరుసలూ చూసి, జబ్బుతో బాగా కలిసినట్టు కనిపించే 100 గడులు ఏరండి. ఆ 100తో క్రాస్ వాలిడేషన్ చెయ్యండి, అంటే వరుసల్ని భాగాలు చేసి, విడతకో భాగాన్ని టెస్ట్‌కి దాచి మిగతావాటితో నేర్పండి. సగానికి సగం తప్పులు రావాల్సింది పోయి, దాదాపు అన్నీ ఒప్పులే వస్తాయి! ఏరేటప్పుడే టెస్ట్ వరుసల్ని చూసేశారు కదా. ఏరడం కూడా ప్రతి విడతా ట్రైనింగ్ భాగంలోనే చేస్తే మళ్లీ బుద్ధిగా 50 దగ్గరికి దిగొస్తుంది. ఖాళీలు నింపడం, స్కేలింగ్ చెయ్యడం, అన్నిటికీ ఇదే పద్ధతి.

కంప్యూటర్ శాస్త్రజ్ఞులు సయాష్ కపూర్, అరవింద్ నారాయణన్ 2023లో ఈ లీకేజ్ ఏయే శాస్త్రాల్లో బయటపడిందో ఏరి చూపించారు. 17 రంగాలు, 294 పేపర్లు. అందులో అంతర్యుద్ధాలు ఎక్కడ వస్తాయో ముందే చెప్పే మోడళ్లు కూడా ఉన్నాయి. లీకులు పూడ్చాక చూస్తే, ఘనంగా చెప్పుకున్న కొత్త మోడళ్లు పాతకాలపు లాజిస్టిక్ రిగ్రెషన్ కన్నా పెద్దగా మెరుగ్గా లేవు.

కాబట్టి ముందు మనుషుల వారీగా విడగొట్టండి. తర్వాత ఒక్కో ఆసుపత్రిని పూర్తిగా పక్కన పెట్టి, మిగతావాటితో నేర్పి, దాని మీద పరీక్షించండి. 96 అన్న అంకెని మర్చిపోండి. ప్రస్తుతానికి మీ మోడల్ అసలు మార్కు 70.

ప్రశ్న: ఆల్ఫాఫోల్డ్‌కి నోబెల్ కూడా వచ్చింది. ఇంకా ఈ శాంపిల్ సైజులూ పి-వాల్యూలూ ఎందుకండీ? అంతా మెషీన్ లెర్నింగే చూసుకుంటుంది కదా.

జవాబు: ప్రోటీన్ల ఆకారాన్ని ఊహించి చెప్పే ఆ ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ గొప్పదే. 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో సగం డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, సగం డేవిడ్ బేకర్‌కు. కానీ ఆ గొప్పతనాన్ని అందరూ ఎందుకు నమ్మారో గమనించారా? ప్రోటీన్ల రంగంలో కాస్ప్ అనే పోటీ ఉంది, 1994 నుంచి రెండేళ్లకోసారి జరుగుతుంది. ప్రయోగశాలలో ఆకారం తేలినా ఇంకా బయటపెట్టని ప్రోటీన్లు, లేదా తేలబోతున్నవి తీసుకుని, వాటి అమైనో ఆమ్లాల వరుస మాత్రం ఇచ్చి ఆకారం చెప్పమంటారు. జవాబు ఎక్కడా అచ్చయి ఉండదు, కాపీ కొట్టడానికి దారే లేదు. 2020 పోటీలో ఆల్ఫాఫోల్డ్ గెలిచిందంటే అది నిజంగా గెలిచినట్టే. అది నేర్చుకున్న ఆకారాలన్నీ 1971 నుంచి వేలమంది ఓపిగ్గా ఒకేచోట జమచేసిన ప్రోటీన్ డేటా బ్యాంక్‌లోవి. మీ రంగంలో అలాంటి బ్యాంకు, అలాంటి పరీక్ష రెండూ ఉంటే నాకు ఉత్తరం రాయక్కర్లేదు. లేకపోతే శాంపిల్ సైజు గురించి మాట్లాడుకుందాం.

ప్రశ్న: నా పి-వాల్యూ 0.051. గైడ్ "రెండు పాయింట్లు అవుట్‌లయర్లు (మిగతావాటికి దూరంగా పడినవి), తీసెయ్" అంటున్నారు. తీసెయ్యనా?

జవాబు: 0.049 వచ్చి ఉంటే ఆ రెండు పాయింట్లు ఆయన కంటికి కనిపించేవా? అదే ఆయన్ని అడగండి, కొంచెం మెత్తగా.

ఇరవైలో ఒకటి, అంటే 0.05, అన్న గీత 1925లో స్టాటిస్టిక్స్ శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ సౌకర్యంగా ఉంటుందని సూచించింది, శిలాశాసనమేం కాదు. ఒక్కో శాస్త్రం తన అవసరాన్ని బట్టి గీత గీసుకుంది. జన్యువులవాళ్లు ఒకేసారి దాదాపు పది లక్షల పరీక్షలు చేసినట్టు లెక్క కాబట్టి 0.05ని పది లక్షలతో భాగించి, రెండు కోట్లలో ఒకటి దగ్గర పెట్టుకున్నారు. కణ భౌతికశాస్త్రం వాళ్లది ఐదు సిగ్మా, అంటే దాదాపు 35 లక్షల్లో ఒకటి. మరీ చాదస్తం అనుకుంటాం. 2015 డిసెంబర్‌లో యూరప్ కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని రెండు ప్రయోగాల్లోనూ 750 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర గ్రాఫ్‌లో ఒక బుడిపె కనిపించింది. కొత్త కణమేమోనని సిద్ధాంతకర్తలు వందల పేపర్లు రాసేశారు. 2016 ఆగస్టుకి ఇంకా డేటా వచ్చింది, బుడిపె పోయింది. ఎన్నో చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట బుడిపె ఉండే తీరుతుంది.

చేపల అమ్మాయి కోసం ఒక పిట్టకథ. 2009లో కొందరు మెదడు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ల మనసులో ఏముందో చెప్పమన్నారు. వేల పరీక్షలకు తగ్గట్టు గీతను సవరించకపోతే, చచ్చిన చేప మెదడులో కూడా కదలిక కనిపించింది. సవరిస్తే పోయింది. 2012లో వాళ్లకు ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది.

మీరు 0.051 అనే రాయండి. ప్రభావం ఎంత, ఎంత అటూఇటూగా తెలిసింది అన్నది కూడా రాయండి. ఆ రెండు పాయింట్లు ఉంచితే ఎంత, తీస్తే ఎంత అన్నది రెండూ చూపించండి.

ప్రశ్న: భూగర్భ శాస్త్రం నుంచి డేటా సైన్స్‌కి మారుతున్నాను. మళ్లీ అన్నీ మొదట్నుంచి నేర్చుకోవాలా?

జవాబు: పేర్లు నేర్చుకుంటే సగం పని అయిపోతుంది. తవ్విన చోట్ల కొలతల్ని బట్టి తవ్వని చోట ఎంత ఉంటుందో అంచనా వేసే మీ గనులవాళ్ల క్రిగింగ్ ఉంది కదా, 1951లో దక్షిణాఫ్రికా బంగారు గనుల ఇంజనీరు డానీ క్రిగ్ మొదలుపెట్టినది, మెషీన్ లెర్నింగ్‌లో గౌసియన్ ప్రాసెస్ రిగ్రెషన్ అంటే అదే. వాతావరణం వాళ్లు ఎంపిరికల్ ఆర్థోగనల్ ఫంక్షన్లు అని నోరు తిరగని పేరుతో పిలిచేది 1901 నాటి కార్ల్ పియర్సన్ ప్రిన్సిపల్ కాంపొనెంట్లనే, అంటే చాలా కొలతల్ని కొన్నిటిగా కుదించే పద్ధతినే. రోగి ఎన్నాళ్లు బతుకుతాడన్న లెక్క వైద్యంలో సర్వైవల్ ఎనాలిసిస్, యంత్రానికైతే రిలయబిలిటీ, ఆర్థికవేత్తలకైతే డ్యురేషన్ మోడల్.

నాకు బాగా ఇష్టమైనది మహలనోబిస్ దూరం. పొడుగు మనిషికి చేతులూ పొడుగే ఉంటాయి. ఎత్తులో తేడా, చేతుల్లో తేడా రెండూ కూడితే ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. అలా కాకుండా దూరం కొలిచే పద్ధతిని 1936లో మహలనోబిస్ ఇచ్చారు. పదేళ్ల తర్వాత మన సి.ఆర్. రావు గారు అదే పట్టుకుని కేంబ్రిడ్జి మ్యూజియంకి వెళ్లారు, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలు తేల్చడానికి. పగలు ఎముకలు, ఆ పక్కనే ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ. ఈరోజు అదే దూరంతో ఫ్యాక్టరీలో యంత్రం తేడాగా నడుస్తోందా అని చూస్తున్నారు. మీరు మారేది శాస్త్రం కాదు, యాస.

ప్రశ్న: నా జన్యువుల జాబితాలో "2 సెప్టెంబర్" అని ఒక జన్యువు కనిపిస్తోంది. ఇదేం జన్యువు?

జవాబు: ఎక్సెల్ కనిపెట్టిన జన్యువు. సెప్ట్2 అని మీరు కొడితే అది తారీఖు అనుకుంది. మీరొక్కరే కాదు, 2016లో లెక్కతీస్తే ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యు పేపర్లలో దాదాపు ఐదోవంతులో ఇలాంటి తప్పులున్నాయి. ఎక్సెల్ మారకపోయేసరికి 2020లో జన్యువుల పేర్లే మార్చేశారు, ఇప్పుడది సెప్టిన్2. అసలు ఫైలును మళ్లీ ఎక్సెల్‌లోకి తెచ్చుకునేటప్పుడే ఆ నిలువు గడి టెక్స్ట్ అని చెప్పండి.

ఒక దిద్దుబాటు: కిందటి నెల ఒక జవాబులో "ఈ మందు రక్తపోటును 4 నుంచి 9 పాయింట్ల మధ్య తగ్గించే అవకాశం 95 శాతం" అని రాశాను. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే ఒక మాస్టారు నాలుగు పేజీల ఉత్తరం రాసి నన్ను పట్టుకున్నారు. ఆయన చెప్పిందే సరి. ఆ 95 శాతం ఈ ఒక్క ఇంటర్వెల్‌ది (4 నుంచి 9 అన్న హద్దుల జతది) కాదు, దాన్ని తయారుచేసే పద్ధతిది. అదే ప్రయోగం మళ్లీ మళ్లీ చేస్తే వచ్చే ఇంటర్వెల్స్‌లో నూటికి 95 అసలు విలువను పట్టుకుంటాయి. ఇది ఆ 95లోదో, మిగతా 5లోదో మనకి తెలీదు. నేను రాసిన వాక్యం బేయిసియన్లు రాసుకోవచ్చు, ప్రయోగానికి ముందు తమ అంచనా ఏమిటో చెప్పుకున్నాక. నేను అదేమీ చెప్పలేదు. ఇదే తప్పుకి విద్యార్థుల పేపర్లలో ఎన్నిసార్లు మార్కులు కోశానో లెక్కలేదు.

అయితే మాస్టారూ, మీ ఉత్తరం మూడో పేజీలో అంచనా వేసిన సిగ్మాకి టోపీ (ఇది అంచనా అని చెప్పడానికి అక్షరం మీద పెట్టే ^ గుర్తు) పెట్టడం మర్చిపోయారు. వేరే ఎక్కడైనా టోపీ పెడితే మోసం, మన దగ్గర పెట్టకపోతేనే మోసం.